ఎంకపల్లి బోరు నీళ్లు

మా వైపు నా ఉద్యోగం గురించి ఎవరూ నిజం చెప్పరు. బాపు చేవెళ్లలో చాయ్ హోటల్ ముందు నిలబడి "మావోడు అణుబాంబు కాడ ఉంటడు" అని చెప్తాడు. మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో ఉండే మా చిన్నమ్మ నన్ను "సైంటిస్టు" అంటుంది. నేనేమో ఏమీ అనను. పొగడ్తను కాదనకుండా ఊరుకోవడంలో ఎంత సుఖముందో నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలిసి ఉండదు. ఏళ్ల తరబడి ఆ సుఖం అనుభవించాను.

నిజం ఏమిటంటే నేను టెక్నీషియన్‌ని. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, పరీక్ష రాసి, ట్రైనింగ్ చేసి, మా ఊరికి ఒక రోజు ప్రయాణమంత దూరంలో ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో చేరాను. అక్కడ నాకు రెండు పనులు. మొదటిది నీళ్లు చూడటం. ప్లాంటులో తిరిగే నీళ్లను షిఫ్టుకు ఇన్నిసార్లని సీసాల్లో పట్టి, అందులో ఏం కరిగి ఉందో కొలిచి పుస్తకంలో రాయాలి. రెండోది మనుషులను చూడటం. రేడియేషన్ ఉండే చోటికి పనికి వెళ్లేవాళ్లకంటే ముందు మీటరు పట్టుకుని నేను వెళ్తాను. ఇక్కడ ఇంతసేపు నిలబడొచ్చు, అక్కడ నిలబడొద్దు అని చెప్తాను. నేలను గుండ్రటి కాగితంతో తుడిచి, ఆ కాగితానికి ఏమైనా అంటిందా అని యంత్రంలో పెట్టి చూస్తాను. వాళ్లు బయటికి వచ్చేటప్పుడు చేతులు, చెప్పులు, జేబులు అన్నీ చూసి గానీ వదలను. ఒకసారి ఒక ఫిట్టరు అరచేయి కడిగించీ కడిగించీ చర్మం ఎర్రబడేదాకా వదల్లేదు. "మా అవ్వ కూడ నన్ను గిట్ల కడగలే" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

కంటికి కనపడని దాన్ని కొలిచే పని ఇది. వాసన ఉండదు, రుచి ఉండదు, చురుక్కుమనదు. కొలిచినవాడి మాట తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకని మా దగ్గర ఒక్కటే కట్టుబాటు. తీయని రీడింగు రాయకూడదు. మీటరు చెడిపోతే చెడిపోయిందని రాయి, మరిచిపోతే మరిచిపోయానని రాయి, తిట్లు తిను. అంతేగాని అంకె మాత్రం వేయకు. నాకంటే పన్నెండేళ్లు పెద్దాయన ఒకరు, ఎప్పుడు చూసినా ఒకే అంకె వస్తోంది కదా అని, సీసా పట్టకుండానే ముందు షిఫ్టు అంకెను దించేశాడు. నేను పట్టుకున్నాను. పట్టుకుని ఊరుకోవచ్చు. పదిమందిలో నిలబెట్టి అడిగాను. "ఇవాళ నీళ్ల దగ్గర అబద్ధం రాసినవాడివి, రేపు మనిషి దగ్గర రాయవని ఏంటి?" అన్నాను. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. ఆ రోజంతా నా నడకే వేరుగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఆ ఏడు బోనాలకు సెలవు పెట్టి వచ్చాను. చిన్నమ్మావాళ్లు అప్పుడే ఊళ్లో పాత ఇల్లు వదిలి పొలంలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఊళ్లోకి నల్లా వస్తుంది గాని అక్కడిదాకా రాదు. అందుకని బోరు వేశారు. నీళ్లు బాగా పడ్డాయి, తియ్యగా ఉన్నాయి. అందరూ మురిసిపోతున్నారు. బోరుకు ఇరవై అడుగుల దూరంలో పక్కవాళ్ల కోళ్ల ఫారం. దాని గోడవారగా కోళ్ల పెంట కుప్ప, నా నడుం ఎత్తున ఉంది. అంతకుముందు రోజే వాన పడింది. కుప్ప కిందనుంచి నల్లటి నీళ్లు కారి బోరు వైపు ఇంకి ఉన్నాయి. నేను చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. ముక్కు మూసుకుని మరీ చూశాను.

చిన్నమ్మ ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఒకటి తెచ్చింది.

"బిడ్డా, నువ్వు నీళ్లు చూసేటోనివే గద. జర ఇవి తాగొచ్చో లేదో నీ మిషన్ల పెట్టి చూడు. దసరా అయినంక నీ చెల్లె కాన్పుకొస్తది. పసిపిల్ల ఉంటదాయె."

చెల్లె అంటే చిన్నమ్మ కూతురు. కొండకల్‌లో ఇచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లో.

అక్కడ నేను అనవలసిన మాట ఒక్కటే. "చిన్నమ్మా, నాకది కుదరదు. బయటి నీళ్లు మా ల్యాబులోకి తీసుకపోనియ్యరు. గేటు కాడనే ఆపుతరు. చేవెళ్లలనో పట్నంలనో ఇచ్చి చూపియ్యుండ్రి." ఇంతే. కానీ చిన్నాయన ఉన్నాడు, పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు, అందరూ నా వైపే చూస్తున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆపితే ఆగిపోయేవాణ్ని అని వాళ్ల ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఒప్పుకోకపోగా సీసా తీసుకుని, అదే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగోసారి అంచుదాకా పట్టి, గాలి లేకుండా మూత బిగించాను. సీసా పట్టడానికి అసలైన పద్ధతి అదే. చిన్నమ్మ పక్కింటామెను మోచేత్తో పొడిచి "చూడు, ఎట్ల కడుగుతున్నడో" అంది. తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు, గేటు దాటించలేని సీసా మీద తేదీ, టైము కూడా రాశాను.

క్వార్టర్‌కు తెచ్చి కిటికీలో పెట్టాను. ప్లాంటు పక్క టౌన్‌లో నీళ్లు పరీక్ష చేసే ల్యాబు ఉంది. ఆటోలో పది నిమిషాలు. మొదటి రోజు డ్యూటీ. రెండో రోజు నిద్ర. మూడో రోజు ఎందుకు వెళ్లలేదో నాకే తెలియదు. నాలుగో రోజు సీసా చూస్తే కోపం వచ్చింది. సీసా మీద కోపం ఎందుకు రావాలి? కానీ వచ్చింది. ఊళ్లో ఎవరికి ఏది కావాలన్నా నేనే దొరుకుతానా, సెల్ టవర్ దగ్గర్నుంచి ఎక్స్‌రే దాకా అన్నీ నన్నే అడుగుతారు అని విసుక్కుంటూ బాత్రూంలో పారబోశాను.

వారానికి చిన్నమ్మ ఫోన్ చేసింది.

"చూసినవా బిడ్డా?"

"చూసిన చిన్నమ్మా. మంచిగున్నయ్. ఫికర్ చెయ్యకుండ తాగుండ్రి."

"కాయిదం ఏమన్న ఇస్తరా?"

"కాయిదమెందుకు? నేను చెప్తున్న గద."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. గొంతు కూడా తడబడలేదు. నేను పదిమందిలో నిలబెట్టిన పెద్దాయన కనీసం ముందు షిఫ్టు అంకె చూసి రాశాడు. నాకు చూసి రాయడానికి అది కూడా లేదు.

చెల్లె దసరా తరవాత పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు చాలలేదు. నెల తిరిగేసరికి డాక్టరును అడిగి డబ్బా పాలు మొదలుపెట్టారు. ఒకరోజు నేను షిఫ్టు దిగి క్యాంటీన్‌లో అన్నం తింటుంటే చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, పాలపిండి నీళ్లల్ల కలపాలె గద. నీళ్లు కాచి చల్లార్చమన్నరు. ఎంతసేపు కాయాలె?"

"బాగ మరగనియ్యి. ఎంత మరిగితే అంత మంచిది."

"ఒక పొంగు వస్తే సాలదా?"

"సాలదు. తొందరపడి దించకు" అని చెప్పి అన్నంలో పప్పు కలుపుకున్నాను.

ఈ మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నీళ్లు మరిగితే పురుగు చస్తుంది, అది నిజమే. కానీ నీళ్లలో కరిగి ఉన్నది చావదు. నీళ్లు ఆవిరైపోతాయి, కరిగినది గిన్నెలోనే ఉండిపోతుంది. నీళ్లు తగ్గినకొద్దీ అది చిక్కబడుతుంది. చారు పొయ్యి మీద మరిచిపోతే ఉప్పెక్కదా, అలాగే. మా ప్లాంటులో బాయిలర్ల దగ్గర నేను రోజూ చూసేది ఇదే. ఆవిరి పైకి పోతుంది, ఉప్పులు అడుగున చిక్కబడతాయి, హద్దు దాటేలోపు కొంత నీళ్లు బయటికి వదిలేయాలి. ఎప్పుడు వదలాలో మీటరు చూసి నేనే చెప్తాను. ఆ రోజు పొద్దున కూడా చెప్పాను. చెప్పి, చేతులు కడుక్కుని, క్యాంటీన్‌కు వచ్చి, చెల్లెకు ఎంత మరిగితే అంత మంచిది అన్నాను. ఆ బోరు నీళ్లు నిజంగా కొలిచి ఉంటే ఏదో ఒక అంకె నా తలలో ఉండేది, అది అడ్డం పడేది. కొలవనివాడికి ఏం గుర్తుకొస్తుంది?

మూడు వారాల తరవాత, పొద్దున పదింటికి, డ్యూటీలో ఉండగా చిన్నాయన ఫోన్. పిల్ల పెదాలు, గోళ్లు నీలంగా మారాయట. మొయినాబాద్‌లో చూపిస్తే గుండెకు రంధ్రం ఉందేమో అన్నారట. పట్నం తీసుకుపోతున్నారు. మధ్యాహ్నం మళ్లీ అదే నంబరు. ఈసారి మాట్లాడింది పిల్లల దవాఖానలో డాక్టరమ్మ.

"పాప రక్తం తీస్తే ఎర్రగా లేదు, బెల్లంపాకం రంగులో ఉంది. నీళ్లలో నైట్రేట్ ఎక్కువున్నప్పుడు చిన్నపిల్లలకు ఇలా అవుతుంది. నీళ్ల సంగతి అడిగితే వీళ్లు మీరు టెస్ట్ చేశారు, బాగున్నాయి అంటున్నారు. మీరు చేశారా? నైట్రేట్ ఎంత వచ్చింది?"

ఫోన్ వెనకాల చిన్నమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "మావోడు పెద్ద ల్యాబుల చూసిండమ్మా, నీళ్లల్ల ఏం లేదు" అని ఎవరికో గట్టిగా చెప్తోంది.

"హలో, వినపడుతోందా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అంది.

"నైట్రేట్ చూడలేదు మేడమ్" అన్నాను.

"మిగతావి చూశారా?"

"ఆ."

అదీ నేను. పిల్ల అక్కడ ఊపిరికి కొట్టుకుంటుంటే, ఒక నిజం, ఒక అబద్ధం కలిపి, నా పరువుకు సరిగ్గా సరిపోయేంత కత్తిరించి ఇచ్చాను. డాక్టరమ్మకు అది చాలింది. ఆమె తెలివి, మా అదృష్టం. వెంటనే మందు ఎక్కించారు. అది కూడా నీలం రంగేనట. సాయంత్రానికి పిల్ల పెదాలు ఎర్రబడ్డాయని చిన్నాయన ఏడుస్తూ చెప్పాడు. నేను ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిల్ల బతికినందుకే ఏడ్చాను. కానీ నా అబద్ధం బయటపడలేదన్న సంతోషం అందులో అస్సలు లేదని ఒట్టేసి చెప్పలేను.

ఆ తరవాత నీళ్లు సర్కారు ల్యాబులో చూపించారు. పెంట నుంచి నేలలోకి ఇంకే ఆ నైట్రేట్ ఉండాల్సినదానికి చాలా రెట్లు ఉంది. అప్పుడైనా నా మీదికి వస్తుందనుకున్నాను. రాలేదు. "మావోడు చూసిననాడు మంచిగనే ఉండె, అటెన్క కోళ్ల పెంటతోని ఖరాబైనయ్" అని చిన్నమ్మే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు పట్టుకుని కోళ్ల ఫారం ఆయనతో కొట్లాడింది. పంచాయతీలో కూడా నా మాటే సాక్ష్యం. ఆయన "మా ఫారం పదేండ్ల సంది ఉన్నది, కుప్ప ఎప్పుడూ ఆడనే పోస్తం, బోరు మీరు నిన్నగాక మొన్న ఏసిండ్రు" అని మొత్తుకున్నాడట. ఎవరూ వినలేదు. అణు ల్యాబుకు ఎదురు చెప్పడానికి కోళ్లు పెంచేవాడెంత? కుప్ప తీసేయించారు, ఆయనతో మాటలు మానేశారు. బాపు ఇదంతా ఫోన్‌లో గర్వంగా చెప్తుంటే నేను ఊఁ కొట్టాను.

నెల దాటాక గాని సెలవు పెట్టలేదు. దొరకక కాదు, ముఖం చెల్లక. వెళ్లేసరికి ఎంకపల్లి ఇంట్లో క్యాన్ నీళ్లు తాగుతున్నారు. చిన్నమ్మ నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుని "నువ్వు నైట్రేటో ఏందో చూడలేదని చెప్పబట్టే డాక్టరమ్మకు సమజైందట బిడ్డా, నీ పుణ్యాన పిల్ల దక్కింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పలేదు. ఆమె కోడి కోయించడానికి బయటికి వెళ్లింది. చిన్నాయన పొలంలో ఉన్నాడు.

చెల్లె పిల్లను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి, ఎదురుగా కింద కూర్చుంది. చిక్కిపోయింది. పిల్ల మాత్రం బొద్దుగా, ఎర్రగా ఉంది. నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"కొండకల్ ఎప్పుడు పోతున్నవ్?" అని అడిగాను.

"ఏం పోవాలె అన్నా. మా అత్తమ్మ పదిమందిల అన్నది. నీళ్లు కూడ కాచి పొయ్యశాతగాని తల్లి ఏం తల్లి అని. ఆయన కూడ అవునన్లే, కాదన్లే." గొంతు తగ్గించి అంది. "అన్నా, నీకొక్కనికే చెప్త. అమ్మకు చెప్పకు. నువ్వు చెప్పినట్టే కాచిన. దినాం సగమయ్యేదాక కాచిన, నా పిల్ల మీద ఒట్టు. ఒక్కనాడు మాత్రం ఇది గుక్కపట్టి ఏడుస్తుంటే, ఒక పొంగు రాంగనే దించి పోసిన. ఆ ఒక్కనాటితోనే గిట్లయిందా? నిద్ర వస్తలేదు నాకు. నువ్వు చదువుకున్నోనివి, నిజం చెప్పు."

నా దగ్గర అప్పటికీ ఒక దారి ఉంది. "ఒక్కనాటితోని ఏం కాదు, ఫికర్ చెయ్యకు" అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. అలాంటి మాటలు కుట్టడంలో నాకు చెయ్యి తిరిగింది. కానీ ఆమె ముఖం చూస్తే ఆ మాట సరిపోదని తెలుస్తోంది. ఆ ఒక్కరోజును ఆమె బతికినన్నాళ్లూ మోస్తుంది. అత్తగారు అన్నప్పుడల్లా తలొంచుకుంటుంది, ఆ ఒక్కరోజు గుర్తొచ్చి.

"ఆ ఒక్కనాడు పోసినయే అన్నిట్ల మంచియి" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు.

చెప్పాను. పిల్ల గుండీ లాగుతుంటే, దాని చేయి పట్టుకుని, మొత్తం చెప్పాను. ఆ నీళ్లల్ల ఉన్నది కాస్తె పోయేది కాదని. కాచినకొద్ది ఎక్కువైతదని. సగమయ్యేదాక కాస్తే రెండింతలైతదని. తప్పు నీ దిక్కు లేదు, కాయమన్నది నేనని. అసలు నీళ్లు చూడనే లేదని, ల్యాబు దాకా పోనే లేదని, నాలుగు దినాలు కిటికీల పెట్టి పారబోసిన అని. కోళ్ల పెంట కుప్ప సీసా పట్టిననాడే ఉండెనని, నేను చూసిన అని. డాక్టరమ్మకు కూడా నిజం చెప్పలేదని. చెప్తున్నంతసేపూ నా గొంతు, షిఫ్టు మార్చుకునేటప్పుడు రిపోర్టు అప్పజెప్తున్నట్టు, పొడిగా ఉంది. దానికీ సిగ్గుపడ్డాను.

"మీ అత్తమ్మకు నేనే చెప్త. రేపే కొండకల్ పోదాం. చిన్నమ్మకు, కోళ్ల ఫారమాయనకు కూడ చెప్త" అన్నాను.

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. నేల వైపు చూస్తూ ఏదో లెక్క కట్టుకుంటోంది. ఎన్ని రోజులు కాచిందో, ఎన్ని సీసాలు పోసిందో అనుకుంటాను. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నన్ను ఎన్ని మాటలన్నా పడటానికి సిద్ధంగా ఉన్నాను. కొంచెం కోరుకున్నాను కూడా.

చివరికి తలెత్తింది.

"కాస్తె ఎక్కువైతదని నీకు అటెన్క ఎరుకైందా అన్నా, ముందుగాలనే ఎరుకనా?"

"ముందుగాలనే ఎరుక. నేను దినాం చేసే పనే అది."

ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. గుండీ పట్టుకున్న పిల్ల వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది.

"పిల్లనియ్యి" అంది.

ఇచ్చాను.